లోకసభ ఎన్నిక: మన వోటు ఎచ్చట?

(మన సంఘ సభ్యుల సమావేశములో చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)



లోకసభ సభ్యులు ఎట్లు ఎన్నుకొనబడుదురో వివరింపుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను న్యాయవాదిని కాను. రాజకీయవాదిని అంతకంటెను కాను. ఏ పక్షమును పొగడుటకు గాని తెగడుటకు గాని ఈ వేదికను వాడుకొనను. అది మన సంఘపు కట్టుబాటు. నా కట్టుబాటు కూడ. శాసనములు చదివి తెలిసికొన్నదియు, ఈ నగరమున ముప్పది యేండ్ల నివాసములో కన్నదియు మీ యెదుట ఉంచెదను.

గత సమావేశములో ఒక యువకుడు లేచి ఒక ప్రశ్న వేసెను. "ఈ రాష్ట్రమున ఇన్ని లక్షల తెలుగువారము ఉన్నాము గదా, లోకసభలో మనకని ఒక్క స్థానమైనను ఏల లేదు?" అని అతడు అడిగెను. ఆనాడు సమాధానము చెప్పుటకు వ్యవధి చాలలేదు. నేటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే.

ఆ యువకుని లెక్క తప్పు లెక్క కాదు. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగు తమ మాతృభాషయని వ్రాయించుకొన్నవారు సుమారు 35 లక్షల 69 వేలమంది. నాటి రాష్ట్ర జనాభా 6 కోట్ల 11 లక్షలు. కర్ణాటకమునకు లోకసభలో 28 స్థానములు. అనగా ఒక్కొక్క స్థానమునకు సుమారు 22 లక్షలమంది. ఈ లెక్కన మనకు ఒకటిన్నర స్థానము రావలెనని ఎవ్వరైనను అనుకొనవచ్చును. కాని మన రాజ్యాంగము ప్రజలను ఆ విధముగా లెక్కింపదు. అది మనిషిని అతని భాషనుబట్టి గాని మతమునుబట్టి గాని ఒక చోట చేర్చదు. అతడు కాపురమున్న చోటునుబట్టి చేర్చును. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి.

మన దేశమున ఎల్లప్పుడును ఇట్లే లేదు. 1909 సంస్కరణలలో ఆంగ్ల ప్రభుత్వము మహమ్మదీయులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెను. అనగా వారి ప్రతినిధులను వారే వేరుగా ఎన్నుకొనుట. తరువాత ఆ పద్ధతి మరికొన్ని వర్గములకు విస్తరించెను. దాని ఫలితము మనకందరకు తెలియును. ఒక వర్గపు వోటుతో గెలిచినవాడు పొరుగు వర్గమువానిని సమాధానపరుపవలసిన అవసరము లేదు. పొరుగువాడు కూడ అతనిని అడుగు హక్కు లేదు. రాజ్యాంగ నిర్మాతలు ఆ పద్ధతిని త్రోసిపుచ్చిరి. రాజ్యాంగము 325వ అధికరణము ప్రకారము ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒక్కటే సామాన్య వోటర్ల జాబితా. కేవలము మతము, జాతి, కులము, లింగము అను కారణములచే ఎవరిపేరును అందులో చేర్చకుండ ఉండరాదు. వాటి పేరిట ప్రత్యేకమైన జాబితా కోరుటకును వీలులేదు.

షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములు ప్రత్యేకింపబడి యున్నవి. మొత్తము 543 స్థానములలో కులములకు 84, తెగలకు 47. అయితే అచ్చట సహితము నిలబడువారు మాత్రమే ఆ వర్గములవారు. వోటు వేయువారు ఆ నియోజకవర్గములోని సమస్త ప్రజలు. ఒక్క సమాజమునకు మాత్రము వేరొక ఏర్పాటు ఉండెను. ఆంగ్లో-ఇండియనులనుండి ఇద్దరిని రాష్ట్రపతి లోకసభకు నియమించు అధికారము ఉండెడిది. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో అదియు ముగిసెను. భాషకు ఏనాడును స్థానము లేదు. కాబట్టి "మన స్థానము" అని మనము వెదకిన అది ఎచ్చటను దొరకదు.

మరి రాజ్యాంగము భాషా అల్పసంఖ్యాకులను మరచినదా? మరువలేదు. తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు 29వ అధికరణమునందును, విద్యాలయములు నెలకొల్పుకొను హక్కు 30వ అధికరణమునందును కలవు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతో పాటు వచ్చిన ఏడవ సవరణచే రెండు అధికరణములు చేర్చబడినవి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రము ప్రయత్నింపవలెనని ఒకటి. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలు ఎట్లు అమలగుచున్నవో విచారించుటకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెనని మరియొకటి. ఆ అధికారి నివేదిక రాష్ట్రపతికి చేరి, పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచబడవలెను.

ఇచ్చట ఒక్క క్షణము ఆగుడు. నివేదిక సభ ముందుకు వచ్చును. దానిని చదివి, లేచి మాటలాడువారు ఎవరు? తెలుగు స్థానపు సభ్యుడు లేడు గదా! అనంతపురము సభ్యుడు అనంతపురము మాట చెప్పును. బెంగుళూరులోని మన బడిని గూర్చి చెప్పవలసినవాడు బెంగుళూరు సభ్యుడే. అతని మాతృభాష ఏదైనను కావచ్చును. మనకు సొంత సభ్యుడు లేనందున, మనమున్న చోటి సభ్యుని మనవానిగా చేసికొనవలెను. అందుకు ఉన్న సాధనము ఒక్కటే: ఇచ్చటి జాబితాలో మన పేరు. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదే. మిగిలినదంతయు దీనికి వివరణము.

మనమున్న చోటు అనగా ఏది? కర్ణాటకములో 224 శాసనసభా నియోజకవర్గములు కలవు. ఎనిమిదేసి చొప్పున కలిపి 28 లోకసభ నియోజకవర్గములను ఏర్పరచిరి. 2001 జనాభా లెక్కల ఆధారమున 2008లో ముగిసిన పునర్విభజనలో బెంగుళూరు మధ్య నియోజకవర్గము క్రొత్తగా ఏర్పడెను. జయనగరము, బసవనగుడి, బి.టి.ఎం. లేఅవుటు దక్షిణ నియోజకవర్గములోనివి. మల్లేశ్వరము, హెబ్బాళము, కృష్ణరాజపురము ఉత్తరములోనివి. శివాజీనగరము, రాజాజీనగరము మధ్యములోనివి. మన యువకులు ఉద్యోగముల కొరకు వచ్చి చేరిన మారతహళ్లి, వైట్‌ఫీల్డు మహదేవపుర శాసనసభా నియోజకవర్గము ద్వారా ఆ మధ్యములోనికే చేరును. రాజరాజేశ్వరి నగరము, ఆనేకలు బెంగుళూరు గ్రామీణమునకు చెందినవి.

యలహంక సంగతి వినుడు. అది నగరములోని భాగమే. కాని లోకసభకు అది చిక్కబళ్ళాపురము నియోజకవర్గమునందు ఉన్నది. గౌరిబిదనూరు, బాగేపల్లి కూడ అందులోనివే. అనగా యలహంకలోని పెద్ద భవనములో పనిచేయు తెలుగు యువకుడును, తరతరములుగా తెలుగు మాటలాడుచు బాగేపల్లి పరిసరములలో వేరుసెనగ పండించు రైతును ఒక్క సభ్యునికే వోటు వేయుదురు. వారిని కలిపినది భాష కాదు, సరిహద్దు. ఆ సభ్యుని యొద్దకు వారిద్దరును కన్నడిగుడైన పొరుగువానితో కలిసియే పోవలెను.

ఇక నిలబడువారిని గూర్చి. భారత పౌరుడై, 25 ఏండ్లు నిండినవాడై, దేశములోని ఏదైన ఒక లోకసభ నియోజకవర్గమున వోటరైనచో, కొద్ది మినహాయింపులతో, మరియే నియోజకవర్గమునుండి అయినను పోటీ చేయవచ్చును. భాష అడ్డము రాదు. మన పి.వి. నరసింహారావుగారి చరిత్రమే ఇందుకు దృష్టాంతము. ఆయన 1984లోను 1989లోను మహారాష్ట్రములోని రాంటెక్ నుండి గెలిచిరి. 1991లో ప్రధానమంత్రి యైన పిమ్మట నంద్యాల ఉపఎన్నికలో గెలిచిరి. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురమునందు కూడ గెలిచి, బరంపురమును నిలుపుకొనిరి. మరాఠీ వోటర్లు తెలుగువానిని తమవానిగా చేసికొనలేదా? అట్లే కన్నడ దేశమున మనమును ఒకరిని మనవారిగా చేసికొనవచ్చును.

అభ్యర్థి నామినేషను పత్రముతో 25 వేల రూపాయలు ధరావతు కట్టవలెను. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు అందులో సగము కట్టిన చాలును. గుర్తింపు పొందిన పక్షము నిలిపిన అభ్యర్థిని నియోజకవర్గపు వోటరు ఒక్కరు ప్రతిపాదించిన చాలును. ఇతరులకు పదుగురు కావలెను. చెల్లిన వోట్లలో ఆరవ వంతునకు మించి రాని అభ్యర్థి ఓడినచో ఆ ధరావతు పోవును.

ఈ నియమముల వెనుక ఒక చరిత్ర కలదు. అందులో తెలుగువారికిని భాషా అల్పసంఖ్యాకులకును భాగము కలదు. 1996 ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఆ జిల్లా నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవు ప్రజల గోడు దేశమునకు వినిపించుటయే అందులో చాలమంది ఉద్దేశము. అదే సంవత్సరము ఈ రాష్ట్రములోని బెళగాములో 456 మంది నిలిచిరి. అచ్చట మరాఠీ మాటలాడువారు తమ కోరికను చాటుటకు ఈ మార్గము పట్టిరి. బ్యాలెటు పత్రము పుస్తకమంత అయ్యెను. అప్పటి ధరావతు 500 రూపాయలు మాత్రమే. ఆ సంవత్సరముననే పార్లమెంటు చట్టమును సవరించి దానిని 10 వేలకు పెంచెను. పదుగురు ప్రతిపాదకుల నియమమును చేర్చెను. 2019లో నిజామాబాదులో పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు అదే పద్ధతిని అనుసరింపగా 185 మంది రంగమున నిలిచిరి. గోడు వినిపించుటకు అది ఒక దారియే, నేను కాదనను. కాని వందలమంది నిలిచిన చోటను గెలుచునది ఒక్కడే. నాలుగు వందల పేర్లు కాగితమును నింపును. నాలుగు వందల వోట్లు ఒక్కొక్కప్పుడు ఫలితమునే మార్చును.

ఆ మాట ఎట్లు నిజమో చెప్పెదను. మన పద్ధతిలో గెలుపునకు నూటికి ఏబది పైన రావలసిన పని లేదు. అందరికంటె ఒక్క వోటు ఎక్కువ వచ్చిన చాలును. సమానముగా వచ్చినచో చీటి వేసి తేల్చుదురు. 1989లో అనకాపల్లి లోకసభ స్థానము 9 వోట్ల తేడాతో తేలెను. 2004లో ఈ రాష్ట్రపు సంతెమరహళ్లి శాసనసభ స్థానము ఒక్క వోటుతో తేలెను. మన కన్నుల యెదుటనే 2023లో జయనగర శాసనసభ స్థానము 16 వోట్లతో తేలెను. పదునారు వోట్లు అనగా ఒక వీధిలో నాలుగైదు కుటుంబములు. ఈ సభలో ముందు రెండు వరుసలలో కూర్చున్నవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

వోటు వేయు విధానమును కూడ కొంత చెప్పెదను. ఇందులో మనము గర్వింపదగిన సంగతులు కలవు. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరునుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. సుకుమార్ సేన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరు. వోటర్లు 17 కోట్లకు పైగా ఉండిరి. వారిలో అధికసంఖ్యాకులకు చదువు రాదు. అందువలన ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించిరి. వోటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేసిన చాలును. 1962 ఎన్నికలనాటికి ఒక్కటే కాగితముపై ముద్ర వేయు పద్ధతి దేశమంతట వచ్చెను. గుర్తు మాత్రము నిలిచిపోయెను. గుర్తునకు భాష లేదు. తెలుగువాడును కన్నడిగుడును తమిళుడును దానిని ఒక్క తీరుననే చదువుదురు.

మన వ్రేలిపై పెట్టు చెరగని సిరా మైసూరులో తయారగును. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు గారి కాలమున, 1937లో స్థాపించిన రంగుల కర్మాగారము 1962 ఎన్నికలనుండి దానిని అందించుచున్నది. వోటు యంత్రములను రెండు ప్రభుత్వ సంస్థలు మాత్రమే తయారుచేయుచున్నవి. ఒకటి మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు. రెండవది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషను. కన్నడ రాజధాని, తెలుగు రాజధాని కలిసి దేశమంతటికి వోటు పెట్టెను చేసి యిచ్చుచున్నవి. 1982లో కేరళములోని పరవూరులో ఏబది కేంద్రములలో ఈ యంత్రమును మొదట వాడిరి. దానికి చట్టమున ఆధారము లేదని సుప్రీంకోర్టు చెప్పగా, 1989లో చట్టము సవరింపబడెను. 2004లో లోకసభ ఎన్నికలన్నియు యంత్రములతోనే జరిగినవి.

పోలింగు కేంద్రమున మొదటి అధికారి జాబితాలో మన పేరు చూచి బిగ్గరగా చదువును. అభ్యర్థుల ఏజెంట్లు విని, సందేహమున్న అభ్యంతరము చెప్పవచ్చును. పిమ్మట ఎడమచేతి చూపుడువ్రేలికి సిరా పెట్టి, పుస్తకములో సంతకము తీసికొందురు. అధికారి మీట నొక్కి యంత్రమును విడుదల చేసినగాని మన యెదుట ఉన్న పెట్టె పనిచేయదు. గుర్తు ప్రక్కనున్న నీలపు మీట నొక్కగానే ప్రక్క యంత్రములో ఒక చీటి అచ్చై ఏడు సెకనులు కనిపించి లోపల పడును. ఆ ఏడు సెకనులు తప్పక చూడుడు. ఎవ్వరును నచ్చనిచో ఆ మాట తెలుపుటకు 2013నుండి వేరొక మీట కలదు. కాని దానికి ఎన్ని వచ్చినను గెలుపు మాత్రము అభ్యర్థులలో ఎక్కువ వోట్లు వచ్చినవానిదే. లెక్కింపునాడు ప్రతి శాసనసభా భాగమునుండి చీటి వేసి తీసిన ఐదు కేంద్రములలోని చీటీలను లెక్కపెట్టి యంత్రపు లెక్కతో సరిచూతురు.

ఈ సాధన సంపత్తి యంతయు ఒక్క వస్తువుపై ఆధారపడి యున్నది. అదియే వోటర్ల జాబితా. మీ యొద్ద వోటరు చీటి ఉన్నను, జాబితాలో పేరు లేనిచో వోటు లేదు. 1951లో జాబితాలు తయారుచేయునప్పుడు చాలమంది స్త్రీలు తమ పేరు చెప్పుటకు సంకోచించి, ఫలానావారి భార్యననియు ఫలానావారి కుమార్తెననియు మాత్రమే చెప్పిరి. సరియైన పేరు లేనిదే చేర్చరాదని ఎన్నికల సంఘము నిశ్చయించెను. ఆ విధముగా సుమారు 28 లక్షలమంది స్త్రీలు మొదటి ఎన్నికలో వోటు కోల్పోయిరి. నేడు ఆ సంకోచము లేదు. కాని పెండ్లి యై చిత్తూరునుండియు కర్నూలునుండియు మన యిండ్లకు వచ్చిన కోడండ్ర పేర్లు పుట్టింటి జాబితాలోనే ఉండిపోవుచున్నవి. వారు అచ్చటికి పోరు; ఇచ్చట వేయలేరు.

ఇక సోదరులారా, మనలో చాలమందిమి మాటలాడుకొనని సంగతికి వచ్చుచున్నాను. మనలో ఎందరి పేర్లు రెండు చోట్ల ఉన్నవి?

చట్టము స్పష్టముగా ఉన్నది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఏ మనిషియు ఒకటికంటె ఎక్కువ నియోజకవర్గములలో నమోదు కారాదు. ఎచ్చట నమోదు కావలెననగా, ఎచ్చట మామూలుగా నివసించుచున్నాడో అచ్చట. ఒక చోట ఇల్లున్నంత మాత్రమున అచ్చట నివసించుచున్నట్లు కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. పేరు చేర్పించుకొనుటకు అబద్ధపు ప్రకటన చేసినచో ఒక సంవత్సరము వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 1951 నాటి చట్టము ప్రకారము ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గములలో వోటు వేసినవాని వోట్లు రెండును చెల్లవు. దురాశతో రెండు వేసినవానికి ఒక్కటియు మిగులదు.

2024లో బెంగుళూరులో పోలింగు ఏప్రిల్ 26న జరిగెను. ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను మే 13న జరిగెను. నడుమ పదునేడు దినములు. అంతకుముందు 2019లో ఆంధ్రప్రదేశమున, తెలంగాణమున ఏప్రిల్ 11, బెంగుళూరున ఏప్రిల్ 18. నడుమ ఏడు దినములే. ఆ ఏడు దినములలో నాకు జరిగినది చెప్పెదను.

మా ఊరు హిందూపురము లోకసభ నియోజకవర్గములోనిది. 2019లో ఏప్రిల్ 11న ఊరికి పోయి, నేను అక్షరాభ్యాసము చేసిన బడిలోనే వోటు వేసితిని. మా అమ్మ నా వెంట వచ్చి ముందు తాను వేసెను. తిరిగివచ్చిన వారము దినములకు మా ప్రక్కింటి పెద్దాయన, కన్నడిగులు, తెల్లవారుజాముననే తలుపు తట్టి, "రండి స్వామీ, ఎండ ముదరకముందే పోయి వత్తము. జాబితాలో నా పేరు క్రిందనే మీ పేరున్నది" అనిరి. నేను తెల్లబోయితిని. అంతకు కొన్నేండ్ల ముందు ఎవరో ఇంటికి వచ్చి ఫారము ఇచ్చిన జ్ఞాపకము. మరియే చోటను నా పేరు లేదను ప్రకటన క్రింద, చదువకయే సంతకము చేసియుంటిని. ఆయన యెదుట పిడికిలి బిగించి వ్రేలు దాచుకొంటిని. ఒంట్లో బాగుగా లేదని చెప్పి పంపివేసితిని. వోటు వేయలేదు, నిజమే. కాని అబద్ధపు సంతకము చేసినవాడను నేనే. అబద్ధము చెప్పి మంచి పొరుగువానిని పంపినవాడను నేనే.

మరికొన్ని నెలలకు ఆ పెద్దాయనయే నగర ఉపనగర రైలు కొరకు మా సభ్యునికి పంపు విజ్ఞప్తిపై సంతకములు కూర్చుచు నా యొద్దకు వచ్చిరి. సంతకము చేసితిని. చేయుచుండగా నాకొక ఆలోచన తట్టినది. ఈ సభ్యుని ఎన్నుకొనుటలో నా పాలు లేదు. ఓడించుటలోను లేదు. నేను త్రాగు నీరు ఇచ్చటిది, నడచు దారి ఇచ్చటిది, నా మనుమరాలు చదువు బడి ఇచ్చటిది. ఊరిలో నాకున్నది తాళము వేసిన రెండు గదులు, అమ్మ. అమ్మకు కావలసినది నా వోటు కాదు, నా రాక.

ఆ సంవత్సరమే ఊరి జాబితానుండి నా పేరు తీసివేయుమని ఫారము పెట్టితిని. అమ్మకు చెప్పినప్పుడు ఆమె కొంతసేపు ఊరకుండెను. పిమ్మట "అయితే ఇక రావా?" అని మాత్రము అడిగెను. అంతకుముందు ఎన్నికకును పండుగకును పోవువాడను. అప్పటినుండి నెలకొక్కసారి పోవుచున్నాను. జాబితాలో పేరు లేనంత మాత్రమున ఊరు నాది కాకపోలేదు.

అందరును నా వలె చేయవలెనని నేను చెప్పుటలేదు. తాత్కాలికముగా ఊరు విడిచినవాని నివాసము పోయినట్లు కాదని చట్టమే చెప్పుచున్నది. భార్యాబిడ్డలను పల్లెలో ఉంచి, నాలుగు నెలలు ఇచ్చట ఇండ్లు కట్టుటకు వచ్చిన పాలమూరు కూలి సోదరుడు తన ఊరిలోనే వోటు నిలుపుకొనుట న్యాయము. అతనిని మనము ఇచ్చట చేర్చరాదు. ఆనాడు అతనికి సెలవు దొరకునట్లు చూచుట మన పని. కాని పది, ఇరువది యేండ్లుగా ఇచ్చట కాపురము చేయుచు, పన్నులు కట్టుచు, పిల్లలను చదివించుచు, వోటు మాత్రము అచ్చట ఉంచుకొన్నవాడు ఆలోచింపవలెను. అచ్చటి సభ్యుడు అతని గోడు వినడు, ఏలయనగా అతడు ఆ ఊరివాడు కాదు. ఇచ్చటి సభ్యుడును వినడు, ఏలయనగా అతడు ఈ జాబితావాడు కాదు. రెండు ఊళ్ళ చుట్టము ఉపవాసముండెనన్నట్లగును.

2024 ఎన్నికలో ఈ రాష్ట్రమంతట నూటికి సుమారు 70 మంది వోటు వేసిరి. మండ్యలో 80 దాటెను. బెంగుళూరు ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గములలో 53, 54 కంటె మించలేదు. మన నగరవాసుల బద్ధకము ఇందులో కొంత. ఊళ్ళో లేకయే జాబితాలో మిగిలినవారి పేర్లు కొంత. ఆ రెండింటిలోను మన వంతు ఎంతయో మన సంఘము విచారించుకొనవలెను.

కావున ఈ సభకు మూడు పనులు మనవి చేయుచున్నాను. మొదటిది: ప్రతి సభ్యుడు ఇంటికి పోయి తన కుటుంబములోని అందరి పేర్లు జాబితాలో చూచుకొనవలెను. మన ఇంటిపేర్లు కన్నడ లిపిలోనికి మారునప్పుడు ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు పోవుచుండును. తప్పులున్న ఫారము 8తో దిద్దించుకొనవలెను. ఒక ఊరినుండి మరియొక ఊరికి పేరు మార్చుకొనుటకును అదే ఫారము. రెండవది: రెండు చోట్ల పేరున్నవారు, మామూలుగా నివసింపని చోటి పేరును ఫారము 7 పెట్టి తామే తీసివేయించుకొనవలెను. ఎవరో వచ్చి పట్టుకొనువరకు ఆగరాదు. మూడవది: పదునెనిమిది యేండ్లు నిండిన పిల్లలకు ఫారము 6 పెట్టించవలెను. పూర్వము జనవరి 1 ఒక్కటే లెక్కకు వచ్చెడిది. 2022నుండి ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలును లెక్కకు వచ్చుచున్నవి. కోడండ్రను మాత్రము మరువవద్దు.

ప్రశ్న వేసిన యువకుడు నేడు కూడ ఇచ్చటనే ఉన్నాడు. అతనికి నా సమాధానము ఇది. నాయనా, లోకసభలో తెలుగువారికని స్థానము లేదు, ఉండరాదు కూడ. కాని నీ వీధి చివర బడిలో, పోలింగునాడు ఒక పుస్తకములో, నీ పేరునకు ఎదురుగ ఒక ఖాళీ గీత ఉండును. అందులో నీవు సంతకము చేసినచో ఈ నగరపు సభ్యుడు నీ సభ్యుడు కూడ అగును. అప్పుడు మన బడి కొరకు, మన భాష కొరకు అతని యింటి గడప త్రొక్కి, తల ఎత్తి అడుగుటకు నీకు హక్కు కలదు. ఆనాడు మా ప్రక్కింటి పెద్దాయన తలుపు తట్టినప్పుడు నాకు లేని హక్కు అదియే. 2024 ఏప్రిల్ 26న నేనే ముందుగా పోయి ఆయన తలుపు తట్టితిని.